ప్రారంభోత్సవం కాని నడుము

బుధవారం, పోటు వేళ

తరళా, నిన్న రేడియోలో మాట్లాడినప్పుడు నువ్వు వాటిని చీమలన్నావు. అవి చీమలు కావు. చీమలైతే తీపి చూపిస్తే బయటికొచ్చేవి. మీ అమ్మ ఆ ముచ్చటా తీర్చుకుంది. నా వీపంతా బెల్లంపాకం రాసి, పక్కన పళ్లెం పట్టుకుని కూర్చుంది. అసలు చీమలు మాత్రం బారులు తీరి వచ్చాయి. లోపల ఉన్నవి కదల్లేదు. వాటిని ఇక్కడ మేస్త్రీలంటారు. ఒక్కొక్కటి ఆవగింజలో సగం ఉండే యంత్రం.

"చిన్న చిల్లే కదా నాయనమ్మా, ఏం కాదు" అని కూడా అన్నావు. దానికీ సవరణ ఉంది. చిల్లు చిన్నదే. ఉండవలసిన దానికంటే చిన్నది. ఎంత చిన్నదో నాకు చూపించడానికి డాక్టర్ ఫల్గుణరావు భూతద్దం తెచ్చాడు. ఇప్పుడు భూతద్దంతో కూడా అతనికే దొరకడం లేదు.

ఆపరేషనైన వాళ్లు రోజూ ఎలా ఉందో రాయాలని అతని నియమం. అతనికి "బాగానే ఉంది" అని రాసి పంపుతున్నాను. అసలుది నీకు.

నువ్వు మెట్టకి వెళ్లి రెండేళ్లయింది కాబట్టి మన గుమ్మాల ఎత్తు మరిచిపోయి ఉంటావు. తెప్పలూరులో ఇల్లంటే సముద్రంలో తేలే తెప్ప మీద బోర్లించిన బాండీ. తుపాను గాలి పైనుంచి జారిపోవాలని గుమ్మం నడుమెత్తు దాటనివ్వరు. స్నానానికి వంగాలి, వంటకి వంగాలి, పడుకోవడానికి వంగాలి. ఊరంతా జీవితాంతం ఎవరికో దండం పెడుతున్నట్టే ఉంటుంది. నడుములు అరిగిపోక ఏం చేస్తాయి? నేను ఆమధ్య మంచినీళ్ల కోసం పొగమంచు పట్టే వల లాగుతుంటే వెన్నులో ఒక పూస కింది పూస మీదనుంచి ముందుకి జారింది. జారిన పూసకి రెండు మరలు, కింది పూసకి రెండు, వాటిని కలిపి చర్మం కిందనుంచే రెండు కడ్డీలు బిగించాలన్నాడు డాక్టరు.

వెనకటికి వీపంతా కోసి, కండ పక్కకి లాగి బిగించేవారట. ఆ తరవాతి వాళ్లు వేలెడంత గాట్లు పెట్టి, ఎక్స్‌రేలో చూసుకుంటూ ఒక సన్నని తీగ దించి, ఆ తీగ వెంబడి మర దించేవారట. ఇప్పటివాళ్లకి ఆ గాటు కూడా నామోషీ. మేస్త్రీలు మరల్ని ముక్కలుగా మోసుకుని లోపలికి వెళతాయి, అక్కడే అతుకుతాయి, బిగిస్తాయి, సాయంత్రానికి బయటికొచ్చేస్తాయి.

నావి వెళ్లాయి. బిగించాయి. నొప్పి పోయింది, అబద్ధమెందుకు. కానీ సాయంత్రాలు వస్తున్నాయి, మేస్త్రీలు రావడం లేదు.

గురువారం, ఆటు వేళ

వంటింటి గుమ్మం దగ్గర నుదురు కొట్టుకున్నాను. వంగాననుకున్నాను. వంగినవి మోకాళ్లు మాత్రమే. పొద్దుటినుంచీ వీపులో టిక్కు టిక్కు మని ఒకటే చప్పుడు. మీ అమ్మ చెవి ఆనించి విని, "ఎవరో మేకులు కొడతన్నట్టుందండీ అత్తయ్యగోరూ" అంది.

కొడుతున్నట్టు కాదు, నిజంగానే కొడుతున్నారు.

డాక్టరు ఎక్స్‌రే చూసి మురిసిపోయాడు.

"చాలా అందంగా వచ్చిందమ్మా."

"అందం సంగతి తరవాత, నాయనా. నాలుగు మరలుండాల్సిన చోట ఎనిమిదున్నాయేం?"

"అదే ఆలోచిస్తున్నాను."

"ఆలోచిస్తే పది అవుతాయి. తెరిచి తీసెయ్యి."

"తెరవడమా?" అతని మొహం పాలిపోయింది. "తెరిచి చెయ్యడం మా తాతలనాటి పద్ధతమ్మా. మాకు కత్తి పట్టుకోవడం నేర్పలేదు. ఇంట్లో ఉల్లిపాయలు కూడా మా ఆవిడే కోస్తుంది."

మేస్త్రీలు పంపే కబుర్లు అతని దగ్గరున్న పలకంత తెర మీద పడతాయి. అతను పచ్చరంగు దీపం చూసి తృప్తిపడతాడే కాని చదవడు. నేను చదివాను. "నాలుగు మరలు, రెండు కడ్డీల పని సంపూర్ణమైనది. ప్రారంభోత్సవము జరుగలేదు. పనివారు ఖాళీగా ఉండరాదు గనుక తదుపరి స్తంభమునకు పరంజా కట్టడమైనది."

అప్పుడు బయటపెట్టాడు మహానుభావుడు. ఈ మేస్త్రీలు పుట్టింది వైద్యానికి కాదట, వంతెనలకట. తీరమంతా మునిగి వంతెనలతో పని లేకుండా పోయాక, కుదించి ఆస్పత్రులకి ఇచ్చారట. వాటికి పాత వంతెనల వీడియోలు చూపించి పని నేర్పారు. ఆ వీడియోల్లో ఏ వంతెనా కట్టగానే పూర్తవలేదు. పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాకే పూర్తయింది. మన పెద్దలు కట్టిన వాటిలోంచి ఇవి నేర్చుకున్న ఇంజనీరింగు అదన్నమాట.

"మరి ఇన్నాళ్లూ మిగతా రోగులకి?"

"పాత బృందం వేరమ్మా. ఇది కిందటి వారమే వచ్చిన కొత్త బృందం. మీరే మొదటివారు."

ఈ మాట ఆపరేషనుకి ముందు చెప్పి ఉంటే ఎంత గర్వపడేదాన్నో.

తెర కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యముంది. "ప్రారంభోత్సవానంతరము పరంజా తొలగించబడును. ఆదివారము దాటినచో పరంజా శాశ్వత నిర్మాణముగా పరిగణింపబడును." అంటే ఎముకలో కలిసిపోతుంది. నడుము నుంచి మెడదాకా నేనొక దూలాన్ని. ఇంట్లోకి ఎవరైనా తోస్తే వెళ్లాలి, ఎవరైనా లాగితే బయటికి రావాలి. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని రొట్టెలా పొయ్యిలోకి తోసి తీస్తారన్నమాట.

ఎవరి దయా లేకుండా నా గుమ్మంలోంచి నేను వెళ్లాలి. నాకు కావలసింది అంతే.

శుక్రవారం, పోటు వేళ

ఇవాళ ప్రారంభోత్సవం చేశాం. పనిచెయ్యలేదు.

డాక్టరే ముఖ్య అతిథి. నీ చిన్నప్పటి జడ రిబ్బను ఒకటి మీ అమ్మ పెట్టె అడుగునుంచి తీసింది. నన్ను తెప్ప మీద నిలబెట్టి, వీపుకి అడ్డంగా దాన్ని రెండు గుంజలకి కట్టింది. చెప్పిన వేళకి డాక్టరు వచ్చి, "అందరికీ ధన్యవాదాలు" అని కత్తిరించాడు. మీ అమ్మ చప్పట్లు కొట్టింది. టిక్కు టిక్కు ఆగలేదు. తెర మీద పడింది:

"రిబ్బను గులాబీ వర్ణము. ఎరుపు కాదు. వచ్చిన వ్యక్తి సకాలమునకు వచ్చినారు గనుక ముఖ్య అతిథిగా గుర్తింపబడలేదు. ఉపన్యాసము వినబడలేదు. టెంకాయ లేదు."

"సకాలానికి వస్తే తప్పా?" అన్నాడు డాక్టరు, పాపం.

"వాటి అనుభవంలో సకాలానికి వచ్చేవాడు షామియానా వేసేవాడు నాయనా."

ఇప్పుడు భుజాల దాకా బిగిసింది. ఈ పూట ఇంట్లోకి వెళ్లలేకపోయాను. మీ అమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి తోస్తానంది. వద్దన్నాను. తెప్ప మీదే తాటాకు తడిక అడ్డం పెట్టుకుని ఉన్నాను. అన్నం ఇక్కడికే తెచ్చింది. పళ్లెంలోకి చూడలేను కాబట్టి ఏం తింటున్నానో రుచిని బట్టి ఊహించాలి. మీ అమ్మ వంట సంగతి నీకు తెలుసు. ఊహ అందలేదు.

అన్నట్టు, వాతావరణం వాళ్లు ఆదివారం సాయంత్రానికి తుపాను అన్నారు. గుమ్మాలన్నీ బిగించేస్తారు.

శనివారం, ఆటు వేళ

ఊళ్లో వేళకి రాని పెద్దమనిషి, ఎర్ర రిబ్బనుకి తగినవాడు ఒక్కడే. చైర్మన్ కోదండపాణి. నా దగ్గరే చదువుకున్నాడు. చదువుకున్నాడంటే, బడి వేళ దాటాక వచ్చి, గుమ్మం బయట నిలబడి విన్నాడు. లోపల కూర్చున్న రోజు నాకు గుర్తులేదు.

కబురు పెడితే డాక్టరుతో కలిసి వచ్చాడు. పొద్దున్న వస్తానని సాయంత్రం వచ్చాడు. నాకు ఆశ పుట్టింది.

"ఒక్క నడుం కోసం ప్రారంభోత్సవమంటే జనం నవ్వుతారండి పంతులమ్మగారూ. పై నెల్లో మంచినీళ్ల టాంకు అయిపోద్ది, పడవల రేవు అయిపోద్ది. మూడూ కలిపి ఒకేరోజు లాగించేద్దారండి, ఆయ్."

"పై నెలకి నేను దూలాన్నయిపోతానయ్యా."

"ఊరికి దూలం ఉంటే మంచిదేగదండీ."

చూశావా. ఆ మాటంటున్నప్పుడు అతను ఒక పక్కకి వాలి కూర్చుని ఉన్నాడు. కుర్చీలో ఒక తొడ మీదే బరువు వేస్తున్నాడు. మెడ తిప్పలేనేమో గాని కళ్లు తిరుగుతాయి నాకు.

"నీ నడుమెలా ఉంది?"

"ఏదోనండి. మంగళారం నాకూ ఆపరేషనన్నాడు డాక్టరు. ఎడం కాల్లోకి లాగేత్తంది."

"ఏ మేస్త్రీలతో?"

"ఉన్నయ్యిగదండీ, కొత్తయ్యి."

"ఎక్కడున్నాయవి?"

ఆలోచించాడు. డాక్టరు వైపు చూశాడు. డాక్టరు నా వీపు వైపు చూశాడు. ఊళ్లో ఉన్నది ఒక్క బృందం. పాతది అరిగిపోయిందని మెట్టకి పంపేశారు.

"రేపు పొద్దున్నే వచ్చేత్తానండి," అన్నాడు కోదండపాణి.

"పొద్దున్నే రాకు. పదింటికి వస్తానని చెప్పి, నీ అలవాటు ప్రకారం రా."

"అలాగేనండి. మరి శిలాఫలకం ఎక్కడెడదారండి?"

"నా వీపున మాత్రం కాదు."

"చిన్నదేనండి. నడుం దగ్గిర…"

"ఒరేయ్ కోదండం!"

పాత పిలుపు నోట్లోంచి వచ్చేసింది. చైర్మన్ గారు లేచి తడిక బయట నిలబడ్డారు. అలవాటు.

ఆదివారం, పోటు వేళ

ఇది పడుకుని రాస్తున్నాను. పక్కకి తిరిగి, వీపు వంచి ముడుచుకుని రాస్తున్నాను. ఆ ముడుచుకోవడం సంగతి గమనించు.

పొద్దున్నే సముద్రం నల్లబడింది. పక్క ఇళ్లవాళ్లు అప్పుడే గుమ్మాలకి పలకలు కొట్టుకుంటున్నారు. నేను తెప్ప మీద స్తంభంలా నిలబడి ఉన్నాను. మెడ కూడా బిగిసింది. ఇక వాటికి కట్టడానికి మిగిలింది నా తలకాయే. మీ అమ్మ ఈసారి నీ ఎర్ర రిబ్బను వెతికి తీసింది. ఏడాదిగా దేవుడి దగ్గర దాచిన కొబ్బరికాయ తెచ్చింది. చేపలు కోసే కత్తెర కడిగి పెట్టింది. డాక్టరు తెర పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు జరిగింది ఘోరం. కోదండపాణి పడవ కనిపించింది. పదన్నా కాలేదు. తుపానుకి భయపడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందుగా వచ్చాడు.

"తొరగా కానిచ్చేద్దారండి! గాలి లేత్తంది!"

తెర వెంటనే ఎర్రబడింది. "అతిథి ముందుగా విచ్చేసినారు. గుర్తింపు నిరాకరించడమైనది."

"వెనక్కి వెళ్లు," అన్నాను.

"ఏటండీ?"

"వెళ్లి ఆలస్యంగా రా."

"వర్షం మొదలైపోయిందండీ పంతులమ్మగారూ!"

"నా దగ్గర చదివిన పదేళ్లూ ఆలస్యంగా రావడానికి నీకు ఎండా వానా అడ్డం రాలేదు. ఇవాళ ఒక్కరోజు నా కోసం రాలేవూ?"

మీ అమ్మ పడవని కాలితో వెనక్కి తోసేసింది. మెళ్లో బంతిపూల దండతో, భుజాన శాలువాతో, చైర్మన్ గారు వానలో ఊరు చుట్టూ పడవ వేసుకుని తిరుగుతూనే ఉన్నారు. తిరిగి వచ్చినప్పుడల్లా "ఇప్పుడు రానాండీ?" అని దూరంనుంచి అరుస్తాడు. డాక్టరు తెర చూసి తల అడ్డంగా ఊపుతాడు. మళ్లీ తిరుగుతాడు. నాకు మొహం తిప్పే వీల్లేదు కాబట్టి అతను ఎదుట ఉన్నంతసేపు కనిపించేవాడు, పక్కకి పోగానే మాయమయ్యేవాడు. గ్రహణాలు లెక్కగట్టినట్టు అతని రాక లెక్కగట్టాను.

ఊరు గుమ్మాలన్నీ మూసుకున్నాక, మా గుమ్మం ఒక్కటే మిగిలాక, తెర పచ్చబడింది. "ముఖ్య అతిథి తగినంత ఆలస్యముగా విచ్చేసినారు."

పాపం, పళ్లు టకటకలాడుతూ పైకెక్కాడు. "అందరికీ నమస్కారం, సెలవు," అని కత్తెర అందుకున్నాడు. తెర ఎర్రబడింది. టిక్కు టిక్కు నా చెవుల వెనక్కి వచ్చేసింది.

"ఉపన్యాసం ఇవ్వు," అన్నాను.

"ఈ గాల్లోనాండీ?"

"టాంకు గురించి చెప్పు నాయనా. రేవు గురించి చెప్పు."

ఇతని ఉపన్యాసం మొదలైతే గుడిలో హారతి పళ్లెం కూడా వదిలేసి ఇంటికి పరిగెత్తిన దాన్ని నేను. ఇప్పుడు వానలో నిలబడి, ఇంకొంచెం మాట్లాడమని బతిమాలుతున్నాను. మొదలుపెట్టాడు. మొదట వణికాడు. టాంకు దగ్గరికి వచ్చేసరికి గొంతు కుదిరింది. రేవు దగ్గరికి వచ్చేసరికి తుపాను మరిచిపోయాడు. తెర ఎప్పుడో పచ్చబడింది. డాక్టరు చేతులూపుతున్నాడు. చైర్మన్ గారు, "చివరిగా ఒక్క మాట," అన్నారు. అని కిందటి పాలకవర్గం చేసిన అన్యాయాలు ఎత్తుకున్నారు. మా ఇంటి కప్పు మీదనుంచి ఒక రేకు లేచి పోయింది.

"ఇక చాలండీ," అంది మీ అమ్మ.

"ముగించే ముందు ఒక్క మాట…"

మీ అమ్మ కొబ్బరికాయ అతని చేతిలో పెట్టలేదు, అతని కాళ్ల దగ్గరే కొట్టింది. కుళ్లింది. కంపుకి నోరు మూసుకున్నాడు. మేస్త్రీలకి ముక్కు లేదు, దేవుడి దయ. కత్తెర చేతికిచ్చింది. నా వెనక చిన్న కరకర వినిపించింది. నలుగురివీ కలిపి చప్పట్లు ఏమంత ఘనంగా లేవు కాని, గాలి మాకు సాయం చేసింది. ఊరంతా కొడుతున్నట్టుంది.

టిక్కు టిక్కు ఆగింది.

కాసేపు ఏమీ లేదు. తరవాత మెడ వెనక ఏదో సడలింది. ఆ తరవాత భుజాల మధ్య. పై నుంచి కిందికి ఒక్కొక్క పూసా నాకు తిరిగి వచ్చేస్తోంది. వెన్ను కింద, ఎక్కడో డాక్టరుకి దొరకని ఆ చిల్లులోంచి, ఆవగింజ సగాలు బారు తీరి బయటికొచ్చాయట. కూలి అందిన రోజు మేస్త్రీల్లా, ఒక్కొక్కటి కడ్డీ ముక్క భుజాన వేసుకుని దర్జాగా నడిచి డాక్టరు డబ్బాలోకి దిగాయట. నేను చూడలేదు. నాకు అంత తీరిక లేదు. అప్పటికే గుమ్మం ఎదుట ఉన్నాను.

మీ అమ్మ చెయ్యి అందించింది. వద్దన్నాను. కావలసిన నాలుగు మరలూ కింద గట్టిగా పట్టుకున్నాయి. పైది అంతా నాది. తల వంచాను. వంగింది. జన్మలో ఎవరికీ అంత ఇష్టంగా తల వంచలేదు. లోపలికి వెళ్లి, వెనక్కి తిరిగి, "రండి, ఏం చూస్తున్నారు, తడుస్తారు," అన్నాను. మెడ తిప్పి అన్నాను.

నలుగురం ఈ బాండీ కింద తుపాను వెళ్లిపోయేదాకా ఉన్నాం. చైర్మన్ గారు తన ఉపన్యాసంలో మిగిలిన భాగం పూర్తి చేశారు.

శుక్రవారం, ఆటు వేళ

రేకు ఒకటి పోయింది తప్ప ఇల్లు బాగానే ఉంది. వల మళ్లీ కట్టాను. మీ అమ్మే లాగుతోంది, నేను తప్పులు చెబుతున్నాను.

శిలాఫలకం వచ్చింది. "శ్రీమతి వర్ధనమ్మ గారి నడుము, గౌరవనీయ చైర్మన్ కోదండపాణి గారి కరకమలములచే ప్రారంభించబడినది." మనవాళ్లు దాన్ని మా గుమ్మం మీదే బిగించారు, పై కమ్మీకి కిందుగా. దాంతో గుమ్మం ఇంకో జానెడు పొట్టిదయింది. ఇంతకు ముందుకంటే ఎక్కువ వంగాలి. వంగుతున్నాను. అన్నట్టు, దాని మీద తారీకు తప్పు వేశారు.

కోదండపాణికి మంగళవారం ఆపరేషనయింది. నొప్పి పోయిందట. మేస్త్రీలు బయటికి రాలేదట. తన రిబ్బను తానే కత్తిరిస్తే చెల్లదని తెర చెప్పిందట. ఎవరిని పిలవాలా అని ఊరంతా ఆలోచించి, నిన్న డాక్టరుని వెంటబెట్టుకుని మా తెప్ప మీదికొచ్చాడు. ఈసారి నిటారుగా కూర్చున్నాడు.

"తవరే ముఖ్య అతిథిగా దయచెయ్యాలండి పంతులమ్మగారూ. ఎల్లుండి పదింటికండి."

"తప్పకుండా వస్తానయ్యా. పదింటికే."

మొహంలో కంగారు కనబడింది. "పదింటికి రాకండి!" అన్నాడు. తరవాత తన మాటే తనకి వినబడి తల దించుకున్నాడు. ఇంకా దించుకోగలుగుతున్నాడు. మెడదాకా ఇంకా చాలా పూసలున్నాయి.

ఇక అతని ప్రారంభోత్సవానికి నీ పని ఒకటుంది. నీ ఎర్ర జడ రిబ్బను కత్తిరించేశామని అలగకు. మెట్టలో లాంచీల రేవు పక్కనున్న ఫాన్సీ కొట్టుకి వెళ్లి మూడు మీటర్ల రిబ్బను కొను, రెండు వేళ్ల వెడల్పుది. కొట్లో దీపం కింద గులాబీ కూడా ఎరుపులాగే కనిపిస్తుంది, బయట ఎండలోకి తెచ్చి చూసుకుని మరీ కొను. ఒక కొబ్బరికాయ కూడా, ఊపి నీళ్లు వినబడేది. రెండూ మైనపు గుడ్డలో చుట్టి లాంచీ సరంగు చేతికివ్వు.

ఈ ఉత్తరం తెచ్చిన లాంచీ తిరుగు ప్రయాణానికి అందకపోతే పై వారం లాంచీకే పంపు. తొందరేమీ లేదు.